పూత వేయని గోడలు



మీలో చాలామంది ఇల్లు కట్టుకున్నవారే. మిగిలినవారు ఎప్పటికైనా కట్టుకోవాలని ఆశపడుతున్నవారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు ఊరకే అనలేదు. పునాది తీసిన నాడు ఉన్న ఉత్సాహం గోడలు కిటికీల మట్టానికి వచ్చేసరికి అప్పుగా మారుతుంది. స్లాబు పడేసరికి ఇల్లాలి మెడలోని గొలుసు బ్యాంకుకు చేరుతుంది. అయినా కట్టుకుంటాం. మనిషి తల దాచుకోవడానికీ ఇల్లే కావాలి, నలుగురిలో తలెత్తుకొని తిరగడానికీ ఇల్లే కావాలి.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఏ పల్లెకు వెళ్ళినా ఊరి చివర ఒక కాలనీ కనబడుతుంది. బోదకొట్టాల్లో, వానకు కారే గుడిసెల్లో బతికినవారికి ఆ ఇళ్ళు గొప్ప మేలు చేశాయి. కాదనలేం. అయితే కాలనీ ఇల్లు అనగానే మన మనసులో ఒక కొలత కూడా ఏర్పడిపోయింది. చిన్నది, చౌకది, పదేళ్ళు తిరగకుండానే పెచ్చులు ఊడిపోయేది అని ఆ కొలత. పేదవాడికి ఇంతకంటె ఏం కావాలిలే అన్న ఆలోచన ఆ కొలత వెనుక దాగి ఉంది. పైకి అనము గాని, లోపల మనమందరం ఎప్పుడో ఒకప్పుడు అలా అనుకున్నవాళ్ళమే.

ఆ ఆలోచనను ఒప్పుకోని ఒక మనిషి కథ ఈ వారం మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆయన ఫ్రాన్సు దేశపు ఆర్కిటెక్టు. పేరు ఫెర్నాన్ పూయోన్. ఇళ్ళు లేని సామాన్యులకు వేలాది ఇళ్ళను రాతితో కట్టిన మనిషి. ఆయన పునీతుడని పొరపాటు పడకండి. ఆయన జైలుకు వెళ్ళాడు, జైలు వైద్యం నుండి తాడు పట్టుకొని పారిపోయాడు కూడా. అయినా ఆయన జీవితంలో విచారణ కుటుంబాలు కూర్చొని ఆలోచించవలసిన సంగతులున్నాయి. కాబట్టి మంచిని దాచకుండా, చెడ్డను దాచకుండా చెబుతాను.

పూయోన్ 1912 మే 14వ తేదీన ఫ్రాన్సు నైరుతి ప్రాంతంలో కాంకోన్ అనే చిన్న ఊళ్ళో జన్మించాడు. తండ్రి నిర్మాణపు పనులు చేయించే మనిషి. అందువల్ల పిల్లవాడు ఇసుక, సున్నం, కంకర మధ్యనే పెరిగాడు. కుటుంబం దక్షిణాన సముద్రతీరంలోని మార్సెయి నగరానికి చేరింది. మార్సెయి పెద్ద రేవు పట్టణం. ఓడలు, చేపల బుట్టలు, నానా దేశాల కూలీలు, ఇరుకు సందులు. అక్కడి కళాశాలలో, ఆ తరువాత పారిస్‌లో ఆయన చదివాడు. ఇరవై రెండేళ్ళ వయస్సులోనే, ఇంకా పట్టా చేతికి రాకముందే, పక్కనున్న ఏక్స్ పట్టణంలో తన మొదటి భవనాన్ని కట్టించాడు. పట్టా 1942లో గాని రాలేదు. పుస్తకంలో నేర్చినదానికంటె పనిచోట మేస్త్రీల పక్కన నిలబడి నేర్చినదే ఆయనకు ఎక్కువ.

అప్పటికి రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతోంది. 1943 జనవరిలో జర్మను సైన్యం, ఫ్రెంచి పోలీసులు కలిసి మార్సెయి పాత రేవు పక్కనున్న పేటను ఖాళీ చేయించారు. సుమారు ఇరవై వేల మందిని ఇళ్ళ నుండి వెళ్ళగొట్టారు. వారిలో వందలాది యూదులను మరణ శిబిరాలకు తరలించారు. ఫిబ్రవరిలో మందుగుండు పెట్టి దాదాపు 1,500 ఇళ్ళను పేల్చివేశారు. పాత పురపాలక భవనం వంటివి కొన్ని మాత్రమే ఆ శిథిలాల మధ్య ఒంటరిగా మిగిలాయి. బెస్తవారు, ఓడ కూలీలు, చిల్లర వ్యాపారులు తరతరాలుగా బతికిన పేట కొద్దిరోజుల్లో రాళ్ళ గుట్ట అయ్యింది.

యుద్ధం ముగిసింది గాని ఇళ్ళు తిరిగి లేచి నిలబడలేదు. ఒక్క మార్సెయి మాట కాదు. ఫ్రాన్సు దేశమంతటా లక్షలాది ఇళ్ళు బాంబులకు కూలిపోయాయి. పల్లెల నుండి పని వెతుక్కుంటూ వచ్చినవారు, వలస వచ్చినవారు పట్టణాల అంచుల్లో డబ్బా రేకులతో, అట్టలతో గుడిసెలు వేసుకున్నారు. నూనె డబ్బాల రేకులతో కట్టినవి గనుక ఆ పేటలకు డబ్బాల ఊరు అన్న అర్థం వచ్చే పేరు పడింది. 1954 చలికాలంలో, అద్దె కట్టలేక ఇంటి నుండి గెంటివేయబడిన ఒక స్త్రీ పారిస్ నగరం నడివీధిలో చలికి గడ్డకట్టి చనిపోయింది. ధనిక దేశంలో కూడా ఇల్లు లేకపోవడం అంటే ప్రాణం పోవడమే అని ఆ దేశానికి అప్పుడు తెలిసివచ్చింది.

ప్రభుత్వం తొందరపడింది. తొందరలో చాలామంది ఆర్కిటెక్టులు ఒకే దారి పట్టారు. కాంక్రీటు పలకలను ఫ్యాక్టరీలో పోతపోసి, తెచ్చి, పేకముక్కల్లా నిలబెట్టి, పది పదిహేను అంతస్తుల పెట్టెలను వరుసగా కట్టుకుంటూ పోయారు. మన దేశంలో చండీగఢ్ నగరాన్ని రూపొందించిన లె కార్బూజియే పేరు మీరు వినే ఉంటారు. ఆయన కూడా అదే మార్సెయి నగరంలో 337 ఇళ్ళున్న ఒక మహా కాంక్రీటు భవనాన్ని కట్టి 1952లో పూర్తిచేశాడు. అది ఫ్యాక్టరీ పలకల కట్టడం కాదు. దానిని చూడడానికి ప్రపంచమంతా వచ్చింది. ఆ కాలానికి కాంక్రీటే భవిష్యత్తు, రాయి గడచిపోయిన కాలపు వస్తువు.

పూయోన్ ఆ మాట నమ్మలేదు. మార్సెయి రేవు పునర్నిర్మాణంలో, అప్పటికే పెద్ద పేరున్న వృద్ధ ఆర్కిటెక్టు ఒగూస్త్ పెరేతో కలిసి ఆయన పనిచేశాడు. కూలిన పేట స్థానంలో ఆకాశాన్నంటే గోపురాలు కట్టలేదు. మిగిలిన పాత భవనాలను మింగివేయని ఎత్తులో, నీటి అంచున ఒకే వరుసలో ఇళ్ళు కట్టాడు. కింద నీడగా నడవడానికి వసారాలు పెట్టాడు. పక్కనే లా తురెత్ అనే చోట, బెస్తవారి పాత దేవాలయమైన పునీత లారెన్సు గుడి చుట్టూ 1948 నుండి 1953 వరకు ఇళ్ళ సముదాయం కట్టాడు. కొత్త ఇళ్ళు పాత దేవాలయాన్ని చిన్నబుచ్చకుండా, దానికి తోడుగా ఉండేలా కట్టాడు. ఆ ఇళ్ళకు ఆయన వాడింది రాయి.

ఇక్కడ మీరొక ప్రశ్న వేయవచ్చు. రాతి ఇల్లు ధనవంతుడి ఇల్లు కదా, పేదవాడికి ఎలా సాధ్యం అని. ఆయన చేసిన పని ఏమిటో గమనించండి. మార్సెయికి దూరం కాని ఫోంత్వియేయి అనే ఊళ్ళో సున్నపురాతి గనులున్నాయి. అది మన చిత్తూరు నల్లరాయి వంటి కఠినమైన రాయి కాదు. రంపంతో కోయగలిగిన మెత్తని రాయి. గనిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడే గుణం దానికుంది. మేస్త్రీ ఒక్కొక్క రాయిని ఉలితో చెక్కితే నెలలు పడుతుంది. కనుక రాయిని గనిలోనే యంత్రపు రంపాలతో పెద్ద పెద్ద దిమ్మెలుగా, ముందే నిర్ణయించిన కొలతలకు కోయించాడు. పనిచోటికి వచ్చిన దిమ్మెను క్రేనుతో ఎత్తి గోడలో కూర్చోబెట్టడమే మిగిలేది. గోడకు లోపల ఇటుక, బయట సిమెంటు పూత, దానిమీద రంగు అనే బెడద లేదు. రాయే గోడ, రాయే పూత, రాయే రంగు. మరమ్మతు ఖర్చు కూడా తక్కువ.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. పునాది తవ్వకముందే ప్రతి తలుపు, ప్రతి మెట్టు, ప్రతి గొట్టం కాగితం మీద తేల్చేవాడు. పని మొదలయ్యాక మార్పులుండేవి కావు. గనివారితో, కాంట్రాక్టర్లతో తానే కూర్చొని ధర మాట్లాడేవాడు. మధ్యవర్తుల చేతుల్లో కరిగిపోయే డబ్బు గోడలోకి పోయేది. ఏక్స్ పట్టణంలో 1950ల మొదట్లో ఆయన 200 ఇళ్ళను 200 రోజుల్లో, ఆనాటి 200 మిలియన్ల ఫ్రాంకులతో, అంటే 20 కోట్ల ఫ్రాంకులతో కట్టే పని తలకెత్తుకున్నాడు. అప్పటి మామూలు ఖర్చుకంటె అది బాగా తక్కువ. ఆ ఇళ్ళకు ఇప్పటికీ రెండువందల ఇళ్ళు అనే పేరే నిలిచిపోయింది. రాతితో కట్టిన ఇల్లు కాంక్రీటు ఇంటికంటె చౌకగా, త్వరగా లేవగలదని ఆయన చేసి చూపించాడు.

ఈ వార్త మధ్యధరా సముద్రం దాటి ఆల్జీరియాకు చేరింది. ఆల్జీరియా 1830 నుండి ఫ్రాన్సు పాలనలో ఉన్న దేశం. రాజధాని ఆల్జీర్స్ నగరంలో కొండవాలుల మీద ముస్లిం పేదలు రేకుల గుడిసెల్లో వేలాదిగా బతుకుతున్నారు. 1953లో నగర మేయరుగా ఎన్నికైన జాక్ షెవాలియే పూయోన్‌ను పిలిపించాడు. పూయోన్ ఒక్క సంవత్సరంలో ఇళ్ళు నిలబెడతానని మాట ఇచ్చాడు. ప్రొవాన్స్ రాయిని ఓడల్లో తెప్పించాడు. సముద్రానికి ఎదురుగా కొండమీద ద్యార్ ఎస్ సాదా లేచింది. ఆ పేరుకు సంతోష గృహాలు అని అర్థం. దాని వెంటనే ద్యార్ ఎల్ మహ్సూల్ అనే మరొక పేట. ఈ పేటల్లో మెట్ల దారులు, చిన్న చిన్న మైదానాలు, నీటి ఊటలు, చెట్ల నీడలు, రంగు పలకల అలంకారాలు ఉన్నాయి. ఇల్లంటే నాలుగు గోడలు మాత్రమే కాదనీ, సాయంత్రం పూట పెద్దలు కూర్చోవడానికీ పిల్లలు ఆడుకోవడానికీ ఒక చోటు కూడా ఇంటిలో భాగమేననీ ఆయన నమ్మకం. మన పల్లెల్లో రచ్చబండ, చింతచెట్టు నీడ ఎరిగినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

మూడవది అన్నిటికంటె పెద్దది. క్లిమా ద ఫ్రాన్స్ అనే కొండమీద 1954, 1957 సంవత్సరాల మధ్య మూడు వేలకు పైగా ఇళ్ళు కట్టాడు. మధ్యలో రెండు వందలకు పైగా మీటర్ల పొడవైన ఒక మహా ప్రాంగణం. దాని చుట్టూ రెండు వందల రాతి స్తంభాలు. మన దేవాలయాల వేయికాళ్ళ మండపాలు చూసినవారికి ఆ దృశ్యం కొంత ఊహకు అందుతుంది. రాజులకు, దేవుళ్ళకు మాత్రమే కట్టే స్తంభాల వరుసను ఆయన గుడిసెల నుండి వచ్చిన కూలీల ఇంటి ముందు నిలబెట్టాడు. పేదవాడి వాకిలి కూడా రాజు వాకిలి అంత గౌరవంగా ఉండాలని ఆయన కోరిక.

ఇంతవరకు విని మీరు ఆయనను మెచ్చుకొని ఉంటారు. ఇప్పుడు రెండవ వైపు చూడండి.

ఆ ఇళ్ళలో కూడా తేడాలున్నాయి. ద్యార్ ఎల్ మహ్సూల్‌లో ఐరోపావారికి కట్టిన ఇళ్ళకు పూర్తి సౌకర్యాలు, ముస్లింలకు కట్టిన ఇళ్ళకు తక్కువ సౌకర్యాలు. మధ్యలో ఒక రోడ్డు. సముద్రపు గాలి, సముద్రపు చూపు మొదటివారి వాటా. క్లిమా ద ఫ్రాన్స్‌లో గదులు మరీ చిన్నవి, కుటుంబాలు మరీ పెద్దవి. బయట స్తంభాలు రాజసంగా ఉన్నా లోపల పదిమంది ఒక గదిలో పడుకోవలసి వచ్చింది. 1954 నవంబరులో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. 1960 డిసెంబరులో ఈ కొత్త పేటల నుండి కూడా జనం స్వాతంత్ర్యం కోరుతూ వీధుల్లోకి వచ్చారు. మంచి ఇల్లు ఇచ్చినంత మాత్రాన మనిషి తన స్వేచ్ఛను మరచిపోతాడని ప్రభువులు అనుకున్నారు. అది జరగలేదు, జరగదు కూడా. ఊరికి ఇటు ఒక వాడ, అటు ఒక వాడగా బతుకుతున్న మనం ఆ మధ్యనున్న రోడ్డును చూసి ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు.

ఆల్జీర్స్ పేరుతో పారిస్ నగరపు తలుపులు తెరుచుకున్నాయి. పాంతాన్, మోంరూజ్, బులోన్, మ్యూదోన్ అనే శివార్లలో పూయోన్ వేలాది ఇళ్ళకు పూనుకున్నాడు. ఈసారి కొనుగోలుదారులు మధ్యతరగతి వారు. జీతంలో మిగిల్చి, వాయిదాలు కట్టి సొంత ఇల్లు కొనుక్కోవాలనుకున్నవారు. ఇళ్ళు కట్టి అమ్మడానికి ఒక సంస్థ ఏర్పడింది. ఫ్రాన్సులో ఆర్కిటెక్టుల వృత్తి నియమాల ప్రకారం ఆర్కిటెక్టు తాను గీసిన భవనాన్ని కట్టి అమ్మే సంస్థలో వాటాదారుగా ఉండకూడదు. ఈ నియమం ఎందుకో మీకు తెలుసు. బిల్లు పాసు చేసే ఇంజనీరే కాంట్రాక్టరు కూడా అయితే ఆ గోడలో సిమెంటు ఎంత పడుతుందో మన ఊళ్ళో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. పూయోన్ ఆ నియమాన్ని దాటాడు. వాటాలను తన పేరుమీద పెట్టుకోకుండా వేరేవారి పేర్ల వెనుక పెట్టుకున్నాడు. అప్పటికే ఆయనది ఖరీదైన జీవితం. చేతికి వచ్చినది వచ్చినట్టే ఖర్చుపెట్టే మనిషి అని పేరు.

సంస్థ లెక్కలు తలకిందులయ్యాయి. 1961 మార్చిలో పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. డబ్బు కట్టినవారు తమ ఇల్లు ఏమవుతుందోనని గగ్గోలు పెట్టారు. పత్రికలు రోజూ ఆయన పేరే రాశాయి. నిన్నటిదాకా ఆయన గుమ్మం ముందు నిలబడినవారు ముఖం చాటేశారు. జైలులో ఆరోగ్యం చెడి ఆయన బాగా చిక్కిపోయాడు. చికిత్సకోసం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉంచగా 1962 సెప్టెంబరులో ఒక రాత్రి కిటికీ నుండి తాడు పట్టుకొని దిగి పారిపోయాడు. నెలలపాటు విదేశాల్లో తలదాచుకున్నాడు. 1963లో విచారణ మొదలయ్యే వేళకు తనంతట తానే తిరిగి వచ్చి న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. శిక్ష పడింది. ఆర్కిటెక్టుల సంఘం ఆయన పేరును కొట్టివేసింది. 1964లో అనారోగ్యం కారణంగా విడుదల అయ్యాడు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. పేరు లేదు, పని లేదు, డబ్బు లేదు.

ఇందులో తప్పంతా ఆయన ఒక్కడిదేనా అంటే కాదు. సంస్థలో మరికొందరున్నారు. తనను బలిపశువును చేశారని ఆయన చివరివరకు అనుకున్నాడు. అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. అయితే వేరేవారి పేర్ల వెనుక వాటాలు దాచినది మాత్రం ఆయనే.

ఇక్కడ ఈ కథలో మన కతోలికులకు దగ్గరైన ఘట్టం ఒకటి ఉంది. జైలులోను, ఆసుపత్రి మంచం మీద ఆయన ఒక నవల రాశాడు. ఆ నవల పేరుకు మొరటు రాళ్ళు అని అర్థం చెప్పుకోవచ్చు. 1964లో అచ్చయ్యింది, మరుసటి ఏడాది ఫ్రాన్సులో ఒక పేరున్న సాహిత్య బహుమతి పొందింది. అందులోని కథ జైలు గురించి కాదు, కోర్టు గురించి కాదు. ప్రొవాన్స్ అడవుల్లో తొరోనే అనే చోట పన్నెండవ శతాబ్దంలో సిస్టర్షియన్ సభ మఠవాసులు కట్టుకున్న మఠం గురించి. ఆ పని నడిపించే మఠవాసి 1161వ సంవత్సరంలో రోజూ రాసుకున్న దినచర్య లాగ నవల సాగుతుంది. ఆ మఠవాసి జబ్బు మనిషి. తాను మొదలుపెట్టిన దేవాలయం పూర్తికావడం చూడడు.

తొరోనే మఠం నేటికీ నిలిచి ఉంది. సిస్టర్షియన్ సభను పెంచి పోషించిన పునీత బెర్నార్డుగారు ఆడంబరాన్ని సహించలేదు. మఠాల్లో శిల్పాలు, రంగుల అద్దాలు, బంగారు పూతలు వద్దన్నారు. కనుక తొరోనే దేవాలయంలో రాయి, వెలుగు తప్ప మరేమీ లేదు. అక్కడి రాయి కఠినమైనది, సులువుగా ఉలికి లొంగనిది. అయినా రాతికీ రాతికీ మధ్య సందు కనబడనంత నేర్పుగా అమర్చారు. అక్కడ ఒక్క గొంతు ఎత్తి కీర్తన పాడితే ఆ గోడలే వంతపాడినట్టు చాలాసేపు మారుమోగుతుంది. దాచడానికి పూత లేని గోడ అది. మేస్త్రీ తప్పు చేస్తే ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా కనబడుతుంది.

పాఠకులారా, లెక్కలు దాచినందుకు జైలుకు వచ్చిన మనిషి, జైలులో కూర్చొని ఏమీ దాచని గోడ గురించి రాశాడు. అది పశ్చాత్తాపమా, తనను తాను సమర్థించుకోవడమా? మనిషి మనసు దేవునికే తెలుసు. నాకు మాత్రం ఒకటి అనిపిస్తుంది. తాను ఎక్కడ తప్పాడో ఆయన చేతులకు తెలుసు. రాతి విషయంలో ఆయన ఎన్నడూ అబద్ధం ఆడలేదు. కాగితం విషయంలో ఆడాడు.

ఫ్రాన్సులో పని చేయడానికి వీలులేకపోయింది. 1962లో స్వాతంత్ర్యం పొందిన ఆల్జీరియా ఆయనను పిలిచింది. ఒకప్పటి పాలకుల దేశం వెళ్ళగొట్టిన మనిషికి, వారిని వెళ్ళగొట్టిన దేశం పని ఇచ్చింది. 1966 నుండి 1984 దాకా అక్కడే ఉండి పర్యాటకుల కోసం పదుల సంఖ్యలో హోటళ్ళు కట్టాడు. సముద్రతీరాన సిది ఫ్రెజ్, టిపాజా, ఇటు ఎడారి అంచున ఘర్దాయా, తిమిమూన్ వంటి ఊళ్ళలో ఆయన పని కనబడుతుంది. 1830లో ఫ్రెంచి సైన్యం దిగిన రేవే సిది ఫ్రెజ్ అన్నది గమనార్హం. 1971లో ఫ్రాన్సు అధ్యక్షుడు పొంపిడూ ఆయనకు క్షమాభిక్ష ఇచ్చాడు. 1978లో ఆర్కిటెక్టుల సంఘం ఆయన పేరును తిరిగి చేర్చుకుంది. 1985లో దేశపు గొప్ప పురస్కారం ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది.

చివరి కాలానికి ఆయన బెల్‌కాస్టెల్ అనే చిన్న పల్లెలో పాడుబడిన ఒక మధ్యయుగపు కోటను కొని, రాయి మీద రాయి పేర్చి తిరిగి నిలబెట్టాడు. 1986 జులై 24వ తేదీన అక్కడే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బయి నాలుగు.

ఆయన కట్టిన ఇళ్ళు ఏమయ్యాయి? తొందరలో పేకముక్కల్లా నిలబెట్టిన కాంక్రీటు గోపురాలను ఫ్రాన్సు ప్రభుత్వం 1980ల నుండి తానే మందుగుండు పెట్టి కూల్చుకుంటూ వచ్చింది. పూయోన్ రాతి ఇళ్ళు మార్సెయిలో, ఏక్స్‌లో, పారిస్ శివార్లలో నిలిచే ఉన్నాయి. వాటిలో కొన్నిటికి ఇరవయ్యవ శతాబ్దపు వారసత్వ కట్టడాలన్న గుర్తింపు వచ్చింది. అపకీర్తిపాలైన బులోన్ ఇళ్ళు కూడా పూర్తయి, జనం అక్కడ కాపురాలు చేసుకుంటున్నారు. ఆల్జీర్స్ సంగతి వేరు. రెండు వందల స్తంభాల పేట నేడు కిక్కిరిసిపోయింది. మిద్దెల మీద కూడా రేకుల గుడిసెలు వెలిశాయి. రాయి నిలిచింది గాని, మనుషులకు చోటు చాలలేదు. గది చిన్నదిగా గీసిన తప్పును రెండు వందల స్తంభాలు కప్పలేకపోయాయి.

మంచి ఉద్దేశం చెడ్డ మార్గాన్ని మంచిది చేయదని సెమినరీలో తత్వశాస్త్రం మొదటి ఏడాదిలోనే నేర్పుతారు. వినడానికి సులువైన పాఠం. పనిలో దిగినప్పుడే కష్టం. పేదలకు ఇళ్ళు కావాలి, నియమాలు అడ్డం వస్తున్నాయి, నేను త్వరగా కట్టగలను, కాబట్టి ఈ ఒక్క కాగితం ఇలా దాచిపెడితే తప్పేమిటి అని మంచివాడికే ముందు అనిపిస్తుంది. చెడ్డవాడికి ఆ సమర్థన కూడా అవసరం లేదు. గుడి కట్టే కమిటీలో, బడి కట్టే కమిటీలో, కాలనీ ఇళ్ళ సంఘంలో ఉన్న మీ అందరికీ ఈ శోధన ఎదురయ్యే ఉంటుంది. విచారణ గురువులకూ ఎదురవుతుంది. నాకు ఎదురుకాలేదని నేను చెప్పను. దేవుని పని కదా, రసీదు ఎందుకులే అనుకున్న రోజునే గోడకు మొదటి బీట పడుతుంది. కట్టిన ఇల్లు చెక్కు చెదరకపోయినా, దానిని నమ్మి డబ్బు కట్టిన కుటుంబం పడిన భయానికి ఎవరు జవాబు చెబుతారు?

అయితే లెక్కల్లో తప్పాడని ఆయన నేర్పిన మొదటి పాఠాన్ని మనం పారవేయకూడదు. పేదవాడి ఇల్లు మన ఇంటి అంత మంచిగా ఉండాలి. డబ్బు చాలదు అనేది చాలాసార్లు నిజమైన కారణం కాదు. ఆలోచన చాలదు, శ్రద్ధ చాలదు. మన నేలలో రాతికి కొదువ ఉందా? చంద్రగిరి కోటలోని రాజమహలును చూడండి. కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ భవనం శతాబ్దాలుగా నిలిచి ఉంది. కడప బండ పరచిన ఇళ్ళు, రాతి కూసాలు పాతిన చేలు మన ప్రాంతమంతటా ఉన్నాయి. ఉలి పట్టి ఆ రాయిని కొట్టే కుటుంబాలు చాలావరకు తాము మాత్రం రేకుల కప్పు కింద బతుకుతున్నాయి. ఊరందరికీ గోడ రాయి ఇచ్చినవాడికి గట్టి గోడ లేకపోవడం మనకు అలవాటైపోయింది. అలవాటు కావడమే బాధాకరం.

మీ ఊళ్ళో ఇకముందు ఒక కాలనీ మంజూరైనప్పుడు, లేదా ఒక విధవరాలి ఇంటికి విచారణ తరఫున చందాలు పోగుచేసినప్పుడు, రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఇంట్లో నా కూతురు కాపురం చేస్తుందంటే ఈ గోడను, ఈ గదిని నేను ఇలాగే కట్టనిస్తానా? ఈ లెక్కల పుస్తకాన్ని ఆదివారం పూజ తరువాత గుడి వాకిట్లో బల్లమీద తెరచి పెట్టగలనా? పూయోన్ మొదటి ప్రశ్నను చాలామందికంటె ముందు వేసుకున్నాడు. రెండవదానిని జైలులో కూర్చొని వేసుకోవలసి వచ్చింది. మనం రెండూ పునాది తీసే రోజునే వేసుకుందాం.